దీపం మీది గుర్తు

సుమిదా నది పొంగి ఒడ్డునున్న ఫుకగావా పేట కలప అడితీలను సముద్రానికి ఈడ్చుకుపోయిన ఏడాది అది. మంచి చెర్రీ చెక్క దొరకడం గగనమైపోయింది. దొరికిన ఒక్క పలక మీద ముసలి జిన్‌బే కాగితాల మీద అచ్చు వేయడానికి ఒక ఆడమనిషి బొమ్మ చెక్కాడు. చిత్రకారుడు గీసిన కాగితాన్ని పలకకు బోర్లా అంటించి చెక్కుతారు కాబట్టి ఉలి దిగేకొద్దీ కాగితం పోతుంది. ఇక ఆ బొమ్మ ఉండేది పలకలోనే.

బొమ్మలో ఉన్నది తేనీటి అంగడిలో పనిచేసే ఒరికు. మొగుడి దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చి అక్కడ చేరింది. చెక్కడం ముగిసిన రోజున ఆమే జిన్‌బే దగ్గరికి వచ్చింది.

"తాతా, బొమ్మలో నా వెనక దీపం మీద అంగడి గుర్తుంది. అది తీసెయ్యవా? మా ఆయన చూశాడంటే వెతుక్కుంటూ వచ్చి చంపేస్తాడు."

"గీసినోడి గీత చెక్కేవాడు మార్చకూడదమ్మా."

"నా పీక కంటే గీత ఎక్కువా తాతా?"

ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ మొగుడే వచ్చాడు. పడవలు నడిపే కుమాజో. ఎద్దు మెడ, ఎర్రటి కళ్ళు.

"ఏరా ముసలోడా, నా పెళ్ళాన్ని చెక్కావంట! గీసినోడు తాగి వాగాడులే. ఎక్కడుందో అడుగుదామని పట్టుకునేలోపే గోడ దూకాడు. ఎక్కడుందది?"

"తెలీదు."

"అయితే నీ వేళ్ళనే అడుగుతా."

కొయ్యసుత్తి అందుకుని, జిన్‌బే కుడిచేతిని బల్లకేసి అదిమి కొట్టాడు. చూపుడువేలు పచ్చి వెదురులా ఫెళ్ళున విరిగింది. రెండో దెబ్బకు గోరు ఊడి పడింది. జిన్‌బే మూలిగాడే తప్ప నోరు విప్పలేదు.

"మూగముండాకొడకా! నువ్వు చెప్పకపోతే చెక్కే చెబుతుంది."

కుమాజో పలకకు సిరా పూసి, కాగితం పరిచి, మొహం ఉన్న చోటే కసిగా రుద్ది ఎత్తి చూశాడు. చుట్టూ తెలుపే. నడుమ ఒరికు.

"అదే! చూడు, ఎలా నవ్వుతుందో! నా కొంపలో ఒక్కనాడన్నా నవ్విందా?"

కాగితం మళ్ళీ పరిచి, ఈసారి దీపం ఉన్న మూలకు చెయ్యి చాచాడు.

జిన్‌బే ఎడమచేత్తో ఉలి ఎత్తి దిగ్గొట్టాడు. అది కుమాజో చేతిని, కింది కాగితాన్ని చీల్చుకుని చెక్కలో దిగబడింది. కుమాజో పెడబొబ్బ పెట్టి రెండో చేత్తో ముసలివాడి గొంతు పిసికాడు. జిన్‌బేకు కళ్ళు చీకట్లు కమ్మాయి. తడుముకుంటే సుత్తి తగిలింది. మోకాలి మీద కొట్టాడు. చిప్ప పగిలేదాకా కొట్టాడు. కుమాజో కూలబడ్డాడు. నెత్తుట్లో తడిసిన కాగితం పేలికలైంది.

కేకలు విని ఇరుగుపొరుగు వచ్చి వాణ్ణి వీధిలోకి ఈడ్చారు.

"కుంటుకుంటూనైనా వస్తాన్రా! నిన్నూ దాన్నీ ఒకే గోనెలో కుట్టి ఏట్లో వేస్తా!"

"రా," అన్నాడు జిన్‌బే.

తెల్లారాక కుడిచేతికి కట్టుతో బల్ల ముందు కూర్చుని, పలక మీది నెత్తురు కడిగాడు. ఎడమచేతికి పట్టు కుదరక ఉలి జారింది. అయినా దీపం మీది గుర్తును ఆనవాలు లేకుండా చెక్కేశాడు. పలకను గుడ్డలో చుట్టి, చంకన పెట్టుకుని అచ్చు వేసేవాడి ఇంటికి నడిచాడు.