లేచి నిలబడిన మాను

అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి. దీర్ఘాలు, ఒత్తులు తప్పితే మన్నించండి. నేను మెల్లగా రాస్తాను, మీరూ మెల్లగానే చదవండి.

నేనూ మా తోడికోడలూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఇద్దరికీ మగదిక్కు లేదు. పొయ్యి ఒకటే. నేను ఆవిణ్ణి అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను ఒసే పొట్టీ అనేది.

ఆ ఏడు గాలివానకి అడవిలో ఒక పెద్ద చెట్టు వేర్లతో సహా కూలింది. పడినదాన్ని కొట్టుకోండి, నిలబడినదాని జోలికి పోకండి అన్నాడు అడవి కాపలాదారు. పొద్దున్నే రంపం, మచ్చుకత్తి, తాళ్ళు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ముందు కొమ్మలు, తర్వాత మాను. కొస నుంచి కోసుకుంటూ వేర్లవైపు జరిగేవాళ్ళం. అక్కడ వేర్లు మట్టితో గోడలా పైకి లేచి, కింద గదంత గొయ్యి పడింది. అందులో గాలి కొట్టదని అక్క అక్కడే కూర్చుని మోపులు కట్టేది.

మంచు పట్టిన రోజు అడవిలో కేక ఎటునుంచి వచ్చిందో తెలియదు. అందుకని కట్టెలకు వెళ్ళేవాళ్ళం మచ్చుకత్తి వెనకవైపుతో చెట్టుని తట్టేవాళ్ళం. ఇక్కడున్నానని చెప్పడానికి.

అలాంటి మంచురోజే. ముందురోజు మాను మీద కూర్చుంటే నా కాళ్ళు నేలకి ఆనాయి. ఆ రోజు అది నా నడుము దాటి ఉంది.

“అక్కా, ఇది లేస్తోంది.”

“నువ్వే కుంగుతున్నావేమో! ఉన్న పొట్టి చాలలేదూ?”

“నవ్వులాట కాదు. ఆ గోతిలోంచి ఇవతలికి రా.”

“చలికి కాళ్ళు కొంకర్లు పోతున్నాయే. ఈ మోపు కట్టేసి వస్తా.”

నేను రంపం ముట్టుకోలేదు. ముందురోజు సగం కోసి వదిలిన చోట దానంతట అదే చిట్లింది. కొస విడిపోయి దొర్లింది. బరువు తగ్గిన మాను పైకి లేచింది. విసురుగా కాదు, జబ్బుమనిషి మంచం మీంచి లేచినట్టు. లేచి నిలబడింది. వేర్లగోడ గోతిలో కూర్చుని, గొయ్యి మూసుకుపోయింది. కొమ్మల్లేని మాను, చుట్టూ మంచు. అక్క లేదు.

అరిచాను. మానుకి చెవి ఆనించాను. లోపలినుంచి టక్. కాసేపు ఆగి, మళ్ళీ టక్.

పరుగెత్తి కాపలాదారునీ, రోడ్డుపని చేస్తున్న వాళ్ళనీ పిలుచుకొచ్చాను. ఎటునుంచి తవ్వాలో వాళ్ళకి తోచలేదు. వేర్ల మీద చెవి పెట్టి, చప్పుడు గట్టిగా వినిపించిన వైపు నేనే చూపించాను. తవ్వేకొద్దీ చప్పుడు దగ్గరైంది. అక్క జుట్టు కనబడగానే ఆగిపోయింది.

ప్రాణంతోనే ఉంది. రెండు వేర్ల సందులో ముఖానికి మాత్రం గాలి ఆడుతోంది. మెడదాకా మట్టి. చేతులు రెండూ మోపు కింద ఇరుక్కుని చిటికెనవేలు కూడా కదలడం లేదు.

“తట్టావు కాబట్టి బతికావమ్మా” అన్నాడు పార పట్టుకున్నాయన.

“నేనెక్కడ తట్టాను?” అంది అక్క, నా నడుము వైపు చూస్తూ. మచ్చుకత్తి అక్కడే దోపి ఉంది.

చేతులు స్వాధీనంలోకి వచ్చాక అక్క రోజూ పార భుజాన వేసుకుని అడవికి బయలుదేరేది. తాడు తీసుకెళ్ళేది కాదు. వచ్చేటప్పుడు ఒక్క పుల్ల తెచ్చేది కాదు. ఒకరోజు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

“ఇంకా ఏం మిగిలిందక్కా అక్కడ?”

“నన్ను తీశారు, బాగానే ఉంది. తట్టినవాళ్ళని ఎవరు తీస్తారే?”

ఇంట్లో పార ఒకటే. నేను పలుగు తీసుకుని ఆవిడ వెనకే నడిచాను.

ఇట్లు,
పొట్టి పిన్ని (ఇప్పుడు అందరూ ఇలాగే పిలుస్తారు). వయసు డెబ్బై ఒకటి. చిన్నకూతురు బట్టలు కుట్టే కొట్టు వెనక గదిలో ఉంటున్నాను.