లీడరు భోజనం

జ్వరంతో చిక్కిపోయిన కొడుకు బంగారురాజు కోసం సూర్యకాంతం నాటుకోడి కూర వండి, గరివిడి నుంచి బస్సులో మిషన్ హైస్కూల్ హాస్టల్‌కి తెచ్చింది. దొరల కాలం నుంచీ అక్కడో ఆనవాయితీ ఉంది. తల్లులు తెచ్చినవన్నీ ఒకే బల్ల మీద పెట్టాలి. చూడటానికి ఎవరూ రాని పిల్లలకు ముందు వడ్డిస్తారు. వడ్డించే లీడరు అందరికన్నా చివర తింటాడు. ఈ నెల లీడరు బంగారురాజే.

“లీడరు తల్లివి గదే, మురిసిపో,” అంది వరండాలో పక్కన కూర్చున్న ఇంకో పిల్లాడి తల్లి అసిరమ్మ. “ఆడికి ఉత్త గిన్నె మిగుల్తాది.”

“నోర్ముయ్యే. రెండు ముక్కలైనా దాసుకుంతాడు.”

లోపల ప్రార్థన ముగిసింది. సూర్యకాంతం కిటికీలోంచి చూస్తూనే ఉంది. వాడు వంగి వంగి అందరికీ వడ్డించాడు. సగం వరసకే కూర అయిపోయింది. చివరికి చారన్నం తిని బయటికొచ్చాడు.

“కూర తిన్నావేట్రా?”

“తిన్నానమ్మా. బాగున్నాది.”

ఇంట్లో ముక్క తక్కువైతే కంచం తోసేసే పిల్లాడు. ఆమె వాడి భుజం తడిమింది. చొక్కా కింద ఎముక చేతికి తగిలింది.

“వచ్చే ఆదివారం మళ్లీ తెస్తాన్రా.”

“ఎందుకమ్మా, ఇక్కడ బాగానే పెడతారు,” అన్నాడు వాడు, నేల చూస్తూ.