న్యూ ఆర్లీన్స్‌లో ఎంగిలి

మా ఆయన ఇంకా నావాడేనా కాదా అన్నది తేల్చుకోవడానికే పదిహేను రోజులు సెలవు పెట్టి అమెరికా వెళ్ళాను. ఇలా అన్నానని తెలిస్తే మా అమ్మ మూతి మీద కొడుతుంది. కానీ ఉన్నమాట అదే. ఆరు నెలల పనని 2010 మార్చిలో బెంటన్‌విల్ వెళ్ళిన మనిషి పద్నాలుగు నెలలైనా తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే అన్నీ పుల్ల విరిచినట్టు సమాధానాలు. పాప గురించి రెండు ముక్కలు, తణుకులో ఎండల గురించి ఒక ముక్క, ఆ వెంటనే "మీటింగ్ ఉంది వల్లీ." బాంకులో ఉద్యోగం వదిలేసి పాపని తీసుకుని అక్కడికి వెళ్ళిపోవాలా, వద్దా? ఫోన్లో తేలే సంగతి కాదది. పాపని అమ్మ దగ్గర వదిలి విమానం ఎక్కాను.

వెళ్ళిన నాలుగో రోజున న్యూ ఆర్లీన్స్ ప్రయాణం పెట్టారు. మే నెలాఖరులో వాళ్ళకి మూడు రోజులు వరుసగా సెలవట. పెట్టింది చక్రపాణిగారు. మా ఆయన ఆఫీసులోనే పెద్దాయన, గుంటూరు మనిషి, నోరు తెరిస్తే తిండి కబుర్లు. "ప్యారిస్ పోయే యోగం మనకెప్పుడుందో ఏమో గాని చెల్లెమ్మా, ఇప్పటికి ఇదే మన ప్యారిస్. ఫ్రెంచోళ్ళ వంట తినిపిస్తా పద" అన్నారు. కార్లో నాలుగో మనిషి రేణు. వరంగల్ పిల్ల, వాళ్ళ టీమే. పది గంటల డ్రైవ్‌లో నా పక్కన కూర్చుని "అక్కా, అక్కా" అంటూ పాప ఫోటోలన్నీ చూసింది. నాకు బాగా నచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఇక్కడ మా ఆయన గురించి ఒక సంగతి చెప్పాలి. నిశాంత్‌కి ఎంగిలంటే పరమ అసహ్యం. అది మా అత్తగారు ధనమ్మగారి పెంపకం. కంచంలో తగిలిన గరిట మళ్ళీ గిన్నెలో పెడితే ఆ గిన్నెలో పప్పు ఇక ముట్టుకోడు. పెళ్ళిలో బువ్వపు బంతి వేశారు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఒకే విస్తట్లో తిని ఒకరికొకరు తినిపించుకోవాలి కదా. నేను కొరికిన లడ్డూ పెదవికి ఆనించినట్టు చేసి పక్కవాళ్ళ చేతిలో పెట్టేశాడు. అందరూ నవ్వారు. ఒకసారి పాప చప్పరించిన బిస్కట్ ముద్దుగా నోట్లో పెడితే కుళాయి దగ్గరికి పరిగెత్తి మూడుసార్లు పుక్కిలించాడు. పిల్ల బిక్కమొహం వేసింది. ఏడేళ్ళలో ఒక్కరోజు నా కంచంలో చెయ్యి పెట్టి ఎరగడు. మొదట్లో ఏడ్చేదాన్ని. తరవాత సరిపెట్టుకున్నాను. కొందరికి పిల్లులంటే పడదు, ఈయనకి ఎంగిలి పడదు, అంతే.

ఆదివారం మధ్యాహ్నం ఇనప అల్లికల బాల్కనీ ఉన్న పాత ఫ్రెంచి హోటల్లో కూర్చున్నాం. మెనూలో సగం పేర్లు నాకు నోరు తిరగలేదు. చక్రపాణిగారు ఏదో చూపించి తెమ్మన్నారు. గుంటలున్న పళ్ళెంలో వెన్నలోనూ వెల్లుల్లిలోనూ మునిగిన నల్లటి ముక్కలు వచ్చాయి.

"ఏంటండీ ఇవి?"

"నత్తలమ్మా."

"నత్తలా! మా వైపు వీటిని బాతులకి వేస్తారండీ బాబూ!"

రేణు పొలమారేంతగా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. నేను వచ్చాక ఆయన నోరారా నవ్వడం అదే మొదటిసారి. కళ్ళు మూసుకుని ఒకటి నోట్లో వేసుకున్నాను. వెల్లుల్లి కారం అద్దిన రొయ్యలా బాగానే ఉంది. "చూశారా, మా వల్లి దేనికీ జంకదు" అన్నాడాయన చక్రపాణిగారితో. ఆ ఒక్క మాటకి నా ప్రాణం లేచొచ్చింది. పిచ్చిదాన్ని, ఊరికే అనుమానపడ్డాను, వెళ్ళగానే రాజీనామా ఇచ్చేద్దాం అనుకున్నాను.

చివర్లో రేణు క్రెమ్ బ్రూలే చెప్పింది. మాకెవరికీ చోటు లేదు, తనకొక్కదానికే వచ్చింది. జున్నులాంటిదే, పైన పంచదార కాల్చి పలక కట్టిస్తారు. చెంచాతో టక్‌మని పగలగొట్టి, నాతో ఏదో చెబుతూనే సగం తిన్నది. సగం అయ్యాక ఆ గిన్నె, అందులోనే చెంచా, పక్కకి జరిపింది. మా ఆయన వైపు. ఆయన చక్రపాణిగారితో వీసా కబుర్లు చెబుతూనే ఆ చెంచా అందుకుని మిగిలింది తిన్నాడు. గిన్నె గోకి, చెంచా నాకాడు.

వాళ్ళు ఒకర్నొకరు చూసుకోనైనా లేదు. దొంగచూపులు చూసుకుని ఉంటే అనుమానం అని కొట్టిపారేసేదాన్ని. చూసుకోకపోవడమే నన్ను చంపింది. రోజూ చేసే పని ఎవరు చూసుకుని చేస్తారు?

తెలుగులో అరిస్తే అక్కడెవరికి తెలుస్తుంది? అందుకే గట్టిగానే అడిగాను.

"ఏవండీ, ఆ చెంచా ఎవరిది?"

ఆయన చెంచా వంక చూశాడు. అప్పుడు తెలిసింది తనేం చేశాడో. మొహంలో నెత్తురు చుక్క లేదు. రేణు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. చక్రపాణిగారు తల ఎత్తకుండా బిల్లు తెమ్మని చెయ్యి ఊపారు. ఓహో, ఈయనకీ తెలుసన్నమాట. తెలియనిది నాకొక్కదానికే.

బయట ఎండ పేలిపోతోంది. రేణు వెనకాలే వచ్చింది. "అక్కా, మీరిద్దరు ఎప్పుడో విడిపోయిన్రు, పాప కోసమే మాట్లాడుకుంటున్రు అని చెప్పిండు. నిన్ను చూసినంక అడిగితే, నువ్వు పోయినంక అన్నీ చెప్తా అన్నడు" అని ఏడ్చింది. చెంప పగలగొడదామని ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. నాతో సమానంగా మోసపోయినదాన్ని ఏమని కొడతాను? ఆ సాయంత్రమే ఆ పిల్ల ఒక్కతే బస్సెక్కి వెళ్ళిపోయింది.

హోటల్ గదిలో ఆయన కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. "ఒంటరిగా ఉన్నా వల్లీ, తప్పు జరిగిపోయింది. అంతా ఆపేస్తా, పాప మీద ఒట్టు. నువ్వు రిజైన్ చేసి వచ్చెయ్, నీకూ పాపకీ వీసా అప్లై చేస్తా. కొత్తగా మొదలెడదాం." నేను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. గొంతు పోయేదాకా తిట్టి, తరవాత ఏడ్చాను. నిజం చెప్పనా? నాకు నమ్మాలని ఉంది. సిగ్గులేకుండా, చచ్చేంత నమ్మాలని ఉంది. ఆ మనిషంటే నాకు అంత ఇష్టం.

సోమవారం పొద్దున్న చక్రపాణిగారు కార్లో పెట్రోలు పోయించడానికి వెళ్ళారు. మేమిద్దరం నది ఒడ్డున కాఫీ కొట్లో కూర్చున్నాం. బెన్యేలని అక్కడ పేరు పడ్డవి తెచ్చాడాయన. మైదా బూరెల్లాంటివి, పైన గుప్పెళ్ళకొద్దీ పంచదార పొడి. కాఫీలో చికోరీ దట్టించారు, అచ్చం మన కాఫీలాగే ఉంది.

ఒకటి తీసుకుని సగం కొరికాను. మిగతా సగం ఆయన ముందు పెట్టాను.

"తినండి."

పరీక్షే. నేనేం దాచను. ఏడేళ్ళ నుంచి అడగాలని ఉండి అడగనిది ఆ పొద్దున్న అడిగాను. ఆయనకీ అర్థమైంది. నా పంటి గాటు ఉన్న ఆ ముక్క వంక చూశాడు. చుట్టూ చూశాడు. గుటక వేశాడు. తరవాత చిన్నపిల్లలు ఆముదం తాగేటప్పటిలా కళ్ళు గట్టిగా మూసుకుని మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. నమలడం లేదు. మెడ నరాలు బిగిశాయి, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నా కోసమే చేస్తున్నాడు, పాపం. మనసారా చేస్తున్నాడు. ఇంత ప్రయత్నం నా కోసం ఆయన ఎప్పుడూ చేయలేదు.

నిన్న ఆ పిల్ల ఎంగిలి వీసా కబుర్లు చెబుతూ తిన్నాడు.

నాకు కోపం రాలేదు. ఎక్కడికి పోయిందో, వెతికినా లేదు. కాగితం రుమాలు తీసి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"ఉమ్మెయ్యండి. ఫర్వాలేదు."

నా కళ్ళలోకి చూశాడు. ఉమ్మేశాడు.