వార్నిష్ పోసిన కాయిల్

బాలి మీటరును ఓమ్స్ మీదికి తిప్పి, ఎర్ర వైరు కాయిల్ ఒక కొసకు, నల్ల వైరు ఇంకో కొసకు ఆనించింది. తెర మీద ఒకటి అంకె ఎడమ పక్కకు ఒదిగి కదలకుండా నిలబడింది. అంటే లోపల ఎక్కడో తీగ తెగింది. కొత్తగూడెం బస్టాండు వెనక సందులో ఏళ్లుగా బోరు మోటార్లూ ఫ్యాన్లూ చుడుతోంది గానీ, గిటారు ఆమె బల్ల ఎక్కడం ఇదే మొదలు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి. తీగల మోతను స్పీకరుకు పంపే దాన్ని పికప్ అంటారని నిన్న గిటారు తెచ్చిచ్చిన సరళ చెప్పింది. పేరేదైతేనేం, కాయిల్ కాయిలే అనుకుంది బాలి.

కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి, వార్నిష్ మరకలు పట్టిన వేళ్లతో తెగిన కొసను వెతికి పట్టి టంకం పెట్టింది. మీటరు ఏడున్నర కిలో ఓమ్స్ దగ్గర కుదురుకుంది, తీగ కలిసింది. గిటారుతో పాటు వచ్చిన స్పీకరు పెట్టెకు కలిపి, స్క్రూడ్రైవరుతో కాయిల్‌ను తట్టింది. పెట్టె టక్కుమంది. ఆమెకు దగ్గొస్తే ఆ దగ్గూ పెట్టెలోంచి వచ్చింది. బాలి మొహం చిట్లించింది. చుట్లు వదులుగా ఉండి అదురుతున్నాయి. వదులు చుట్లు కనిపిస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. అన్ని మోటార్లకూ చేసినట్టే చుట్లు బిగుసుకునేలా వార్నిష్ పోసి, బల్బు కింద ఆరబెట్టింది. మళ్లీ మీటరు పెడితే అదే ఏడున్నర. ఈసారి తట్టినా, దగ్గినా పెట్టె కిక్కురుమనలేదు. తీగ మీటితే మాత్రం ఖంగున పలికింది. పని కుదిరిందని ఆమెకు మనసు నిండింది.

మధ్యాహ్నం సరళ వచ్చి గిటారు పట్టుకుపోయింది. టీ వేళకు మళ్లీ పరుగున వచ్చింది, వట్టి చేతులతో.

“అక్కా, పాట పలుకుతుంది గానీ మాట పలుకుతలేదు!” అని అరిచింది. కంకర మిషను దగ్గర పనిచేసీ చేసీ సరళ చెవులు మొద్దుబారాయి. అందుకే ఆమె ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడుతుంది.

“మాటేంది?” బాలి కూడా గొంతు పెంచింది.

సరళ చెప్పుకొచ్చింది. ఆమె భర్త చందూలాల్ పెళ్లిళ్లలో గిటారు వాయించేవాడు. గొంతులో పుండు లేచి, ఆపరేషనయ్యాక గుసగుస తప్ప గొంతు రాదు. ఇప్పుడా పుండు తిరగబెట్టి మంచం దిగడం లేదు. ఆ గుసగుస సరళకు వినపడదు. ఇద్దరికీ చదువు లేదు. అతను గిటారు మీద నోరు ఆనించి మాట్లాడితే పెట్టెలోంచి మాట వచ్చేది. వాళ్లిద్దరి కాపురం ఈ ఏడాదంతా ఆ వదులు చుట్ల మీదే నడిచింది.

“పొద్దటి సంది ఏందో చెప్తుండు. పెదాలు ఆడుతున్నయి. నాకు తెలుస్తలేదు అక్కా.”

బాలికి అప్పుడు తెలిసింది, తను అణిచేసింది అదురు కాదు, అతని గొంతు. మీటరుకు వార్నిష్ ముందైనా తర్వాతైనా ఒకటే, ఏడున్నరే. ఆరిన వార్నిష్ ఇక ఊడదు.

చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పిలిచినా పలకకూడదని ఆమెకు పని నేర్పిన భర్త రూప్లా చెప్పేవాడు. అతను వెనక గదిలో మంచాన పడి ఉండగా ఒకరోజు “బాలీ” అని పిలిచాడు. లెక్క తప్పుతుందని ఆమె పలకలేదు. చుట్టడం అయ్యాక వెళ్తే అతను ప్రాణాలతో లేడు. ఎందుకు పిలిచాడో ఇప్పటికీ తెలియదు. ఇప్పటికీ చుట్లు లెక్కపెడుతుంటే వెనక నుంచి ఆ పిలుపు వినిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

“పద, నా చెవులు మంచిగనే ఉన్నయి. నేను విని చెప్త” అంటూ చెప్పులు తొడుక్కుంది.

కిరాయి గదిలో చందూలాల్ నులక మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. మెడకు తెల్లగుడ్డ, ఒళ్లో గిటారు, స్పీకరు పెట్టె మీద ఎర్రదీపం. బాలి వంగి అతని నోటి దగ్గర చెవి పెట్టింది.

“అన్నా, నాకు చెప్పు. నేను సరళకు చెప్త.”

అతను ఆమెను చూశాడు, తర్వాత సరళను చూశాడు. పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాడు. చెయ్యెత్తి, కోపం లేకుండా, బాలిని గుమ్మం వైపు పంపించాడు. ఆ మాట సరళదే, ఇంకొకరి చెవిన వేసేది కాదు. బాలి సిగ్గుపడి గడప బయట నిలబడింది.

అతను గిటారు మీదికి వంగి మాట్లాడడం మొదలుపెట్టాడు. పెట్టె పలకడం లేదని అతనికి తెలుసు, అతని చెవులు బాగానే ఉన్నాయి. అయినా ఆపలేదు. సరళ పెట్టెకు చెవి ఆనించి “అవ్... అవ్... గట్లనే చేస్త” అంటూ తలూపింది. ఆమెకు వినబడడం లేదని అతను చూస్తూనే ఉన్నాడు. చూసి నవ్వాడు, నవ్వుతూనే ఇంకాసేపు చెప్పాడు. చెప్పడం అయ్యాక తల గోడకు ఆనించాడు.

పొద్దు గుంకే లోపే అతని ఊపిరి ఆగింది.

పక్కింటివాళ్లు వచ్చి అతన్ని మంచం మీంచి నేల మీదికి దించారు. సరళ ఏడుస్తూ బాలి చెయ్యి పట్టుకుంది. “అక్కా, నువ్వు గడపల ఉంటివి. నీకేమన్న వినబడ్డదా?”

“లేదు సరళా. పాపిష్టిదాన్ని, నాకూ వినబడలే.”

బాలి పెట్టె స్విచ్చు మీద చెయ్యి వేసింది. “ఆపకు” అంది సరళ. ఆ రోజు మొదటిసారి ఆమె గొంతు మెల్లగా వచ్చింది. ఖాళీ మంచం మీద గిటారు ఒక్కటే మిగిలింది, దాని తీగల మీద అతని ఊపిరి చెమ్మ ఇంకా ఆరలేదు.