మరిడమ్మ చేతిలో రెండు ఆసులు

నేను ఒక ఇస్పేటు ఆసుని. యాభై రెండు ముక్కల్లో నన్ను మించింది లేదని ఆడేవాళ్ళందరికీ తెలుసు. మరిడమ్మకీ తెలుసు తల్లీ, అదే నా మంట.

రెండు కాగితాల నడుమ నల్ల జిగురు పూసి, నొక్కి, మూలలు గుండ్రంగా కోసి నన్ను చేశారు. ఏ ఊళ్ళో అంటే చెప్పలేను, పెట్టె మీద అక్షరాలు నాకు రావు. మొదట ఓడలో వంట చేసే దేముడనే అతని జేబులో తిరిగాను. నా ఒంటి మీది ఈ పసుపు మరక అతని చేపల పులుసుదే. ఓడ విశాఖపట్నం చేరినప్పుడు వాళ్ళ అక్క మరిడమ్మకి మా కట్టంతా ఇచ్చి, ఓ ఆట నేర్పి పోయాడు. చేతిలో తలా రెండు ముక్కలు, నేల మీద అందరికీ కలిపి ఐదు. పందెం చింతపిక్కలు. పెంచితే విడతకి ఒక్క పిక్కే పెంచాలి, అంతకన్నా కుదరదు; మిగతావాళ్ళు తామూ ఓ పిక్క వెయ్యాలి, లేదా ముక్కలు పారేసి లేవాలి. "అక్కా, మంచి ముక్కలొస్తే నేల మీద ముక్కలు పరవకముందే, మొదటి విడతలోనే పెంచెయ్. చెత్త ముక్కలోళ్ళు లెగిసిపోతారు" అని లక్షసార్లు చెప్పాడు. నేను విన్నాను. ఆవిడా వింది.

వాళ్ళ అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ గది ఖాళీ అయింది. నాలుగిళ్ళ ఆడవాళ్ళూ నాకంటే నాకన్నారు. మిగతా ముగ్గురికీ పాత సామాన్లు పడెయ్యడానికి. మరిడమ్మకి మాత్రం కుట్టుమిషను పెట్టుకోడానికి. వాళ్ళాయనది రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. మిషను టకటకమంటే చాలు, కేకలు. ఆ కేకలకి జడిసి కుట్టుపని ముప్పావు వంతు మానేసింది మనిషి. సరే, ఆదివారం మరిడమ్మ ఇంట్లో ఆడదాం, ఆఖరికి ఎవరి దగ్గర పిక్కలెక్కువుంటే గది వాళ్ళది అనుకున్నారు.

ఆఖరి ఆట వచ్చేసరికి మరిడమ్మా, పై ఇంటి సుగుణా సమానంగా ఉన్నారు, మిగతా ఇద్దరూ వెనకబడ్డారు. తలో పిక్కా మధ్యలో వేసి ముక్కలు పంచారు. మరిడమ్మకి నేనొచ్చాను, నా పక్కన ఆఠీను ఆసు! రెండు ఆసులమ్మా! ఇంతకన్నా మంచి చెయ్యి ఆ ఆటలో లేదు.

సుగుణ తన ముక్కలు చూసి మొహం చిట్లించింది. "ఓలమ్మో, ఇవేటి ముక్కలే! ఎవరైనా ఒక్క పిక్క పెంచండర్రా, ఇవి పారేసి పోతాను. పొయ్యి మీద పప్పుంది."

పెంచు మరిడమ్మా, పెంచు! ఆవిడ చెమట వేళ్ళ మధ్య నేను వంగిపోతున్నాను.

మా తల్లి ఏమందో తెలుసా? "అదేటి వదినా, మా ఇంటికొచ్చి అప్పుడే లెగిసిపోతావా? టీ మరుగుతోంది, కూకో!" ఇంటికొచ్చిన మనిషిని తన చేత్తో లేపడమంటే విస్తరి ముందు నుంచి లేపినట్టేనట! పిక్క పెంచలేదు. సుగుణ కూర్చుంది.

నేల మీద మూడు ముక్కలు పరిచారు: ఏడు, రాజు, నాలుగు. మిగతా ఇద్దరూ ముక్కలు పారేశారు. సుగుణ మాత్రం సర్దుకుని కూర్చుంది, ఆవిడకి ఏడు కలిసింది మరి. ఇప్పుడు మొదలెట్టింది మా మహాతల్లి పెంచడం! కడుపులో ఏడు పడ్డాక ఒక్క పిక్కకి ఎవరు బెదురుతారు? నాలుగో ముక్క రెండు, ఐదోది పది.

"ఏడుల జత, రెళ్ళ జత" అని సుగుణ ముక్కలు తిప్పింది. రెండు జతల ముందు ఒక్క జత, ఆసులదైనా సరే, చిత్తే. మమ్మల్నిద్దర్నీ చూసి నోరు నొక్కుకుంది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇవి పట్టుకునా నన్ను కూకోబెట్టావ్?"

"టీలో పంచదార సరిపోయిందా వదినా?" అంది మరిడమ్మ.

ఆ గదిలో ఇప్పుడు సుగుణ వాళ్ళ విరిగిన కూలరూ, రెండు నవారు మంచాలూ హాయిగా ఉన్నాయి. మరిడమ్మ మళ్ళీ పేక ముట్టుకోలేదు. నా అంచులకి గాట్లు పెట్టి, దారం చుట్టుకునే అట్టముక్కని చేసి, ఎర్ర దారం చుట్టి, మిషను సొరుగులో పడేసింది.

మొన్న సుగుణ జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చింది. "తొందర్లేదు వదినా, నీకు వీలైనప్పుడే" అంది. మరిడమ్మ నవ్వుతూ కొలతలు తీసుకుని పంపించింది. గుడ్డ మడిచి సొరుగులో నా మీదే పెట్టింది. ఓ చెయ్యి మిషను చక్రం మీద వేసింది కూడా.

పక్కగదిలో ఆయన నిద్రలో అటు తిరిగాడు. మరిడమ్మ చప్పుడవకుండా సొరుగు మూసేసింది.