పద్నాలుగో వార్డు బిళ్ళ

నేను ఒక గాజు సీసాను. నాలో అత్తరు పోస్తారనో, కనీసం ఆవకాయ పెడతారనో ఆశపడ్డాను గానీ, కొలిమిలోంచి బయటపడ్డ నెల్లాళ్ళకే పురపాలక సంఘం వారి నీటి పరీక్ష గదికి చేరాను. పట్టణం ప్రాణాలన్నీ ఈ సీసాల్లోనే ఉన్నాయని స్టోరు గుమాస్తా ఎవరితోనో అంటుంటే విని పొంగిపోయాను. కొత్త కదా!

మేం మొత్తం పదిమందిమి. మా ట్యాంకు నీళ్ళు వెళ్ళే పది వార్డులకు ఒక్కో సీసా చొప్పున, మెడకు వార్డు నంబరుతో రేకు బిళ్ళ కట్టారు. నాకు పద్నాలుగు వచ్చింది. నెలకోసారి మమ్మల్ని ఆవిరిలో ఉడికించి శుద్ధి చెయ్యాలి. ఆ యంత్రం చెడిపోయి ఆరేళ్ళయింది, బాగుచేయించే కాగితం ఇంకా ఏదో బల్ల మీద విశ్రాంతి తీసుకుంటోంది. అందుకని అటెండరు నూకరాజు ఇంట్లోంచి పాత కుక్కరు పట్టుకొచ్చాడు. పప్పుకి మూడు విజిల్స్, మాకు నాలుగు. ప్రజారోగ్యమంటే ఆమాత్రం శ్రద్ధ ఉండాలి మరి.

ఆ తర్వాత నూకరాజు మమ్మల్ని సంచిలో వేసుకుని పది వార్డులూ తిరిగి, కుళాయిల్లో నీళ్ళు పట్టి తేవాలి. అతని ప్రయాణం మా గది పక్కనే ఉన్న ట్యాంకు కింది కుళాయితో ముగిసేది. పది సీసాలూ అక్కడే నింపేవాడు. "అన్ని వార్డులకీ ఎల్లేది ఈ ట్యాంకీ నీళ్ళే కదేటి! మరి ఊరంతా తిరగడమెందుకు?" అని వాచ్‌మన్‌కి జ్ఞానబోధ చేసేవాడు. అప్పుడే క్లోరిన్ కలిపిన నీళ్ళాయె, వంక పెట్టడానికి ఏముంటుంది! కెమిస్టు హేమలతగారు సీటు కదలకుండా పరీక్షించి, పది నంబర్లకూ ఎదురుగా "త్రాగుటకు యోగ్యము" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు. అలా పదకొండేళ్ళు గడిచాయి. పద్నాలుగో వార్డు ఏ దిక్కున ఉందో కూడా అప్పటికి నాకు తెలియదు.

మొన్న వానాకాలంలో ఆ వార్డులో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. రెండు రోజుల్లో నలభైమంది ఆసుపత్రి పాలయ్యారు. చేపలమ్ముకునే గౌరమ్మ చనిపోయింది. అధికారులు రిజిస్టరు తెరిచి చూశారు. నీళ్ళు యోగ్యమే! ఇంకేముంది, తప్పంతా వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకున్న సన్యాసమ్మ చట్నీదని తేల్చేశారు. బండి లాక్కొచ్చి మా ఆవరణలో పడేశారు. ఆవిడకు ఆ బండి తప్ప వేరే బతుకుతెరువు లేదు. పైగా గౌరమ్మను పొట్టన పెట్టుకుందన్న నింద ఒకటి.

మర్నాడు పొద్దున్నే సన్యాసమ్మ మా గదికి వచ్చింది. "మేడంగారూ, మా ఈదిలో నీళ్ళు ఎవులు పట్టినారండి?" అని అడిగింది. హేమలతగారు నూకరాజును చూపించారు.

"ఏటి బాబూ, మా కుళాయి కాడికి నువ్వెప్పుడొచ్చినావు? నీళ్ళొచ్చీది తెల్లారగట్ల ఒక్క గంట. ఆ గంటా నాను అక్కడే ఉంటాను. ఇన్నేళ్ళలో నీ మొకం ఒక్కపాలి కూడా సూడనేదు!"

నూకరాజు తన చెప్పుల వంక చూసుకున్నాడు. హేమలతగారు రిజిస్టరు దగ్గరికి లాక్కున్నారు. రాసిన ముత్యాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి కాబోలు. మరుసటి తెల్లవారుజామున ఆవిడే నన్ను పట్టుకుని సన్యాసమ్మ వీధికి నడిచారు.

మొత్తానికి నా వార్డు చూశాను. నీటి గొట్టం మురుగుకాలువలో మునిగి ఉంది, అతుకు దగ్గర తుప్పుపట్టి చిల్లిపడింది. హేమలతగారు పైనున్న క్రిములు చచ్చేలా స్పిరిటు దూది వెలిగించి కుళాయి మూతిని కాల్చి, కాసేపు నీళ్ళు వదిలి నన్ను నింపారు. నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉన్నాయి. రెండో రోజుకి పరీక్ష గొట్టాల్లోని ఊదారంగు ద్రవం పసుపుపచ్చగా మారి బుడగలు కట్టింది. ఆ నీళ్ళలో ఉన్నవి మలంలో ఉండే సూక్ష్మజీవులు.

ఆ ఫలితం పట్టుకెళ్తే, పురపాలక కమిషనరుగారు బల్ల మీది కొనుక్కున్న నీళ్ళు ఒక గుక్క తాగి, "ఇది పైకి వెళ్తే మనందరం ఇంటికి వెళ్తాం. సీసా శుభ్రంగా లేదని రాసెయ్యండి" అన్నారు.

"రాస్తాను సార్. ముందు గొట్టం మార్పించండి, ఆవిడ బండి ఇప్పించండి. లేకపోతే ఉన్నదున్నట్టు రాస్తాను" అన్నారు హేమలతగారు.

ఆరేళ్ళుగా కాగితం కదలని కార్యాలయంలో గొట్టం రెండు రోజుల్లో మారింది. రిజిస్టర్లో మాత్రం "సీసా అపరిశుభ్రము, తొలగించడమైనది" అని పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మొత్తం వ్యవహారంలో శిక్ష పడింది నా ఒక్కదానికే. గౌరమ్మ పేరయితే ఏ కాగితంలోనూ లేదు.

బండి తీసుకెళ్ళడానికి వచ్చిన సన్యాసమ్మ చేతిలో నూకరాజు నన్ను పెట్టాడు. "ఉంచుకో అప్పా. ఆరు విజిల్స్ ఏయించినాను" అన్నాడు అక్క వరస కలిపి, తల దించుకుని.

బండి మళ్ళీ వీధి చివర నిలబడింది. మొదటి రోజు ఎవరూ దగ్గరికి రాలేదు. హేమలతగారు వచ్చి అందరూ చూస్తుండగా నాలుగు ఇడ్లీలు తిన్నారు. నీళ్ళు మాత్రం ఇంటినుంచి తెచ్చుకున్నారు.

ఇప్పుడు నా కడుపునిండా కారప్పొడి. మెడలో బిళ్ళను సన్యాసమ్మ తియ్యలేదు. పదకొండేళ్ళు అబద్ధం మోసిన బిళ్ళ అది. ఇప్పుడు నేను ఉంటున్నది నిజంగా పద్నాలుగో వార్డులోనే.