మూడో యంత్రం మీద నడపలేదు

"సబ్బు ఇంకాస్త వెయ్యి అమ్మాయ్, అది మా అమ్మ నేసిన రగ్గు" అంది మా అత్తగారు హెల్వి, బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ వంచుకుంటూ. సారీ అన్నాను. దేనికన్నానో నాకే తెలియదు. జూన్ వచ్చిందంటే మా తుర్కు ఊళ్ళో రగ్గులు ఉతికే రేవు నిండిపోతుంది. పేలికలతో నేసిన రగ్గుల్ని బల్లల మీద పరిచి, బ్రష్షుతో వెన్ను విరిగేలా రుద్దడం పదిహేడేళ్ళుగా నా వంతు. కారులోంచి దింపి పెట్టడం మా ఆయన యోర్మా వంతు. తర్వాత ఆయన కారులో కూర్చుని వార్తలు వింటాడు.

చేతులు రుద్దుతున్నాయి కానీ, నా ప్రాణం బిర్గిట్టా దగ్గరే కొట్టుకుంటోంది. దీవుల్లోని ముసలమ్మల మాటలు రికార్డు చేసి దాచే ఆఫీసు మాది. బిర్గిట్టా పడవల్లో తిరిగి రికార్డు చేసుకొస్తుంది, నేను ఆ ఫైళ్ళు సర్దే స్క్రిప్టులు లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో రాస్తాను. ఒక్కటే భాష, కానీ దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరు మా మూడు యంత్రాల్లో మూడు రకాలు, ఎవరి అలవాటు వాళ్ళది. ఫోల్డర్‌లో ఏమున్నాయో చెప్పమంటే రెండు యంత్రాలు అక్కడున్న లింకుల పేర్లు, అంటే వేరే చోటున్న ఫైళ్ళకి దారి చూపే గుర్తుల పేర్లు, చెప్తాయి. మూడోది ఆ లింకు పట్టుకుని అసలు ఫైలు దగ్గరికే పోయి, దాని చిరునామా తెచ్చిస్తుంది. అందుకే ఏ స్క్రిప్టయినా మూడింటి మీదా నడిపి చూశాకే ఇస్తాను. మూడు రోజుల ఉద్యోగానికి ఇంత చాదస్తమేంటని యోర్మా నవ్వుతుంటాడు.

పోయిన శుక్రవారం పాత లింకులు చెరిపే స్క్రిప్టు రాశాను. రెండింటి మీద బాగానే నడిచింది. ఇంతలో యోర్మా ఫోన్. అమ్మ వచ్చేసింది, ఇంట్లో తినడానికేం లేదు, ఇంకా ఎంతసేపు అని. సారీ, వస్తున్నా అన్నాను. మూడోదాని మీద మాత్రం నడవకేం అనుకుని బిర్గిట్టాకి పంపేశాను. ఆమెది ఆ మూడో యంత్రమే. నేను చెప్పినట్టే నడిపింది. లింకులు కాదు, ఆ వారం తెచ్చిన అసలు రికార్డింగులన్నీ పోయాయి. ఇంకో కాపీ లేదు. అందులోనే ఎల్మి గొంతు కూడా. తొంభై మూడేళ్ళ ఎల్మి, మొగుడి పేరు మీద నలభై ఏళ్ళు తానే పడవ నడిపి వలలు వేసిన సంగతి, మళ్ళీ అడగొద్దని ఒట్టు వేయించుకుని మరీ చెప్పింది.

బుధవారం మీటింగులో డైరెక్టరు, ఆ వయసులో బిర్గిట్టా ఏ మీట నొక్కిందో అన్నాడు. సోమవారం నుంచి బిర్గిట్టా యంత్రాలు ముట్టుకోకూడదు, దీవులకూ వెళ్ళకూడదు. "నేనే ఏదో నొక్కానేమోలెండి" అంది తను, నా వైపు చూసి దిగులుగా నవ్వుతూ. ఎదురుగా కూర్చుని ఉన్నాను. తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాను. ఇంటికొచ్చి యోర్మాకి చెప్తే, "నువ్వు అడ్డు పడకు ఐలా, ఆగస్టులో నీ ఉద్యోగం పొడిగించాలి కదా" అన్నాడు. కూర మాడితే సారీ, వానొస్తే సారీ, ఆయనకి తాళాలు కనబడకపోతే సారీ. నావి కాని తప్పులన్నిటికీ ఆడిన నాలుక, నిజంగా నాదైన ఒక్క తప్పుకి ఆడలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

బ్రష్షు బకెట్లో పడేశాను. తడిచేతుల్తోనే ఫోన్ చేశాను.

"బిర్గిట్టా, మీరేం నొక్కలేదు. తప్పు నా స్క్రిప్టుది. మీ యంత్రం మీద పరీక్షించకుండా ఇచ్చాను. బుధవారమే చెప్పాల్సింది, భయపడ్డాను. సారీ. డైరెక్టరుకి ఇప్పుడే రాస్తున్నా."

"ఎల్మి ఇంక చెప్పదు ఐలా" అంది తను. "తెలుసు" అన్నాను. క్షమించానని ఆమె అనలేదు. ఫోన్ పెట్టేసింది.

అక్కడే నిలబడి ఫోన్లో డైరెక్టరుకి ఉత్తరం రాస్తుంటే యోర్మా కారు దిగి వచ్చాడు. రగ్గు మీద సబ్బు ఎండి చారలు కట్టిందనీ, అమ్మ బాధపడుతోందనీ, కనీసం సారీ అయినా చెప్పమనీ అన్నాడు.

అలవాటుగా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఫోన్లో ఉత్తరం పంపే మీట నొక్కి, బ్రష్షు తీసి ఆయన చేతిలో పెట్టాను.